సముద్రం పాలు

కృష్ణకు వరద వచ్చిన ప్రతి ఏడూ ప్రకాశం బ్యారేజీ గేట్లు ఎత్తుతారు. మర్నాడు పత్రికల్లో ఒకే వాక్యం వస్తుంది. అంకెలు మారతాయి, వాక్యం మారదు. ఇన్ని టీఎంసీల నీళ్లు వృథాగా సముద్రం పాలయ్యాయట. పాలకపక్షం, ప్రతిపక్షం, రైతు సంఘం, ఇంజనీరు, సంపాదకుడు అందరూ ఏకాభిప్రాయంతో వాడే మాటలు మన ప్రజాజీవితంలో చాలా తక్కువ. ఆ కొద్ది మాటల్లో ఇదొకటి. అందరూ ఒప్పుకున్న మాటను విమర్శకుడు ఒకసారి తిప్పి చూడవలసి వుంటుంది.

నేను కూడా ఈ మాట వాడినవాణ్ణే. గుడివాడలో చదువుకునే రోజుల్లో నదీజలాల మీద వ్యాసరచన పోటీ పెడితే, ఒక్క చుక్క కూడా సముద్రంలోకి పోనివ్వరాదని ఆవేశంగా రాసి మొదటి బహుమతి తెచ్చుకున్నాను. న్యాయనిర్ణేతలు అభ్యుదయ దృక్పథం వుందని మెచ్చుకున్నారు. గుడివాడ నుంచి హంసలదీవి ఎంతో దూరం లేదు. ఐనా కృష్ణ సముద్రంలో కలిసేచోటు ఎట్లా వుంటుందో నాకప్పటికి తెలియదు. ఎప్పుడో చిన్నప్పుడు మాఘపౌర్ణమి స్నానానికి మా మామ్మ తీసుకువెళ్లిందంటారు. నాకు గుర్తున్నది జనం, ఇసుక, వేణుగోపాలస్వామి గుడి దగ్గర కొన్న బూరా మాత్రమే.

తరవాత చాలాకాలానికి, ఉద్యోగ విరమణ అయ్యాక, ఆ తీరానికి పదే పదే వెళ్లటం మొదలుపెట్టాను. పాలకాయతిప్పలో ఒక వృద్ధ మత్స్యకారుడు పరిచయమయ్యాడు. బహుమతి వ్యాసం సంగతి చెప్పి నవ్వాను. ఆయన నవ్వలేదు.

"ఏటికి నీళ్లొచ్చిన ఏడే మాకు చేప మాస్టారూ. ఏరు ఎండితే సముద్రం గొడ్డుబోతది. మీరు మడికి నీళ్లు పెట్టుకున్నట్టే అదీను" అన్నాడు.

ఈ వ్యాసం ఆయన చెప్పిన మూడు వాక్యాలకు నేను రాస్తున్న వ్యాఖ్యానం. అంతకుమించి ఏమీ కాదు.

ముందు మాట సంగతి. పాలు అంటే వంతు, వాటా. పాలివాడు దాయాది. పాలికాపు సేద్యంలో వంతుకు పనిచేసేవాడు. పాలుపంచుకోవటం అని ఇప్పటికీ రోజూ అంటాం. ఆ లెక్కన సముద్రం పాలు అంటే సముద్రానికి రావలసిన వంతు. ఐతే నష్టపోయినదాన్ని చెప్పేటప్పుడే ఈ ప్రయోగం మన నోట నిలిచింది: అగ్నిపాలు, దొంగలపాలు, సముద్రంపాలు. తనకు దక్కనిదంతా నష్టమేనని అనుకునే మనిషి భాష ఇది. మడిగట్టు మీద నిలబడి సముద్రాన్ని చూసేవాడి భాష. పడవలో నిలబడి ఏటిని చూసేవాడి భాష వేరు. ఆ భాష మన నిఘంటువులకూ, సంపాదకీయాలకూ అందలేదు.

అసలు ఈ తీరపు చరిత్రను మనం ఏ వైపునుంచి రాసుకున్నాం? బందరు చరిత్ర అంటే డచ్చివారు, ఇంగ్లీషువారు, కలంకారీ, కోట. 1611లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఓడ వచ్చి ఆగటం. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెనలో దాదాపు 30,000 మంది చనిపోవటం. రేవు క్షీణించటం. పట్టణం పేరులోనే మచిలి వున్నా, చరిత్రలో చేప లేదు. దివిసీమ ఊళ్ల పేర్లు చూడండి. గుల్లలమోద, ఎలిచెట్లదిబ్బ, జింకపాలెం, నాచుగుంట. ఇవి రాజులు ఇచ్చిన పేర్లు కావు. గుల్లా నాచూ చెట్టూ చేమా ఎక్కడ దొరుకుతాయో తెలిసినవాళ్లు పెట్టుకున్న పేర్లు. శాసనాలు చదివే ఓపికలో పదోవంతు ఈ పేర్ల మీద పెట్టినా మనకు మరో చరిత్ర దొరికేది.

విచిత్రమేమంటే ఆ పని కొంత పరాయివాడు చేసిపెట్టాడు. పాట్రిక్ రసెల్ అనే కంపెనీ వైద్యుడు విశాఖపట్నంలో వుండి, జాలరులు తెచ్చిన చేపలను బొమ్మలు వేయించి వర్ణించాడు. 1803లో లండన్‌లో అచ్చయిన ఆ గ్రంథంలో 200 చేపలున్నాయి. వాటికి ఆయన పెట్టిన పేర్లు చాలావరకు మన జాలరులు చెప్పిన తెలుగు పేర్లే. సొరలు, టేకులు, చందువలు ఇంగ్లీషు లిపిలో వింతగా సాగి కనిపిస్తాయి. కంపెనీ ప్రయోజనం కంపెనీకి వుంది, అందులో భ్రమ అక్కర్లేదు. ఐనా బతికిన చేప పేరును బతికిన నోటినుంచి విని రాసుకున్న పని అది. ఇరవైయవ శతాబ్దంలో భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో మాండలిక వృత్తిపదకోశం 1962లో వ్యవసాయంతో, 1971లో చేనేతతో వెలువడి ఆ తోవలోనే మనకు గొప్ప మేలు చేసింది. వ్యవసాయం ముందు రావటం సహజమే. మనది మడిగట్టు సంస్కృతి అని నేను అన్నది ఇందుకే.

ఇక నీటి సంగతి. 1832–33 నందన కరువులో గుంటూరు సీమ శవాల దిబ్బ అయింది. ఆ జ్ఞాపకం ముందు నిలబడి 1855 నాటికి బెజవాడ దగ్గర పూర్తయిన ఆనకట్టను ఎవరు తప్పుపట్టగలరు? నేను పట్టను. మా తాతలు తిన్న అన్నం ఆ కాలవల నీళ్లే. ఐతే ఆ ఆనకట్ట కట్టిన ఇరవై ఏళ్లలోపే, 1873లో, మత్స్యశాఖ పరిశీలకుడు ఫ్రాన్సిస్ డే తన నివేదికలో దక్షిణాది నదుల ఆనకట్టలు సముద్రం నుంచి ఎగబాకే చేపల దారి మూసేస్తున్నాయని ఆందోళనపడ్డాడు. పులస గుడ్లు పెట్టటానికి ఏటికి ఎదురీదే చేప. గోడ అడ్డమొస్తే అది పెట్టదు. ఇంత చిన్న విషయం. అప్పుడు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. పులసను మనం గోదావరి చేపగానే ఎరుగుదుం. ఒకనాడు కృష్ణలోనూ అది ఎదురీదేదన్న సంగతి ఈ తరానికి తెలియదు.

1957లో ఆనకట్ట స్థానంలో ప్రకాశం బ్యారేజీ. 1967లో నాగార్జునసాగర్ కాలవలకు నీళ్లు. ఆపైన శ్రీశైలం. ఎగువ రాష్ట్రాల్లో మరెన్నో. 1969లో నియమించిన బచావత్ ట్రిబ్యునల్ 2060 టీఎంసీలను మూడు రాష్ట్రాలకు పంచింది: మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఆంధ్రప్రదేశ్‌కు 800. నేను ఆ తీర్పు గురించిన చర్చలు ఎన్నో విన్నాను, కొన్ని చేశాను కూడా. వాటాదారుల జాబితాలో సముద్రం లేదన్న సంగతి నాకెన్నడూ తట్టలేదు. 2010లో బ్రిజేశ్‌కుమార్ ట్రిబ్యునల్ నదిలో కనీస ప్రవాహం కోసమని 16 టీఎంసీలు చెప్పింది. ఆ తీర్పు వ్యాజ్యాలలో చిక్కుకుపోయింది. చిక్కుకోకపోయినా రెండువేల పైచిలుకు టీఎంసీల పంపకంలో పదహారంటే, పెళ్లి భోజనాల్లో కాకికి వేసిన మెతుకు.

కాకి అన్నాను కనుక గుర్తొచ్చింది. లోకం పాపాలు కడిగి కడిగి నల్లబడిన గంగ కాకి రూపంలో తిరుగుతూ, ఈ సంగమంలో మునిగి హంస అయిందనీ, అందుకే హంసలదీవి అయిందనీ స్థలపురాణం. పురాణాన్ని నమ్మనక్కరలేదు. కానీ మంచినీరూ ఉప్పునీరూ కలిసేచోట ఏదో ఒకటి మరొకటిగా మారుతుందన్న ఎరుక ఆ కథ అల్లినవాళ్లకు వుంది. జీవశాస్త్రం చెప్పేదీ అంతకంటే దూరంగా ఏమీ లేదు.

రొయ్య సంగతే తీసుకుందాం. పెద్దరొయ్య సముద్రంలో గుడ్లు పెడుతుంది. కంటికి ఆనని పిల్లలు పోటునీటితోపాటు కాలవల్లోకి, మడ అడవుల్లోకి వస్తాయి. నల్లమడ, తెల్లమడ, తిల్ల, ఉప్పుపొన్న చెట్ల ఆకులు రాలి బురదలో కుళ్లి, ఆ కుళ్లు మీద పుట్టిన సూక్ష్మజీవుల్ని తిని పిల్లలు పెరుగుతాయి. వేళ్ల సందుల్లో పెద్ద చేపలు దూరలేవు కనుక బతుకుతాయి. కాస్త ఎదిగాక పాటుతో తిరిగి సముద్రానికి పోతాయి. పండుగప్ప, కొయ్యింగ, మండపీత వీటన్నిటి బాల్యమూ ఏదో ఒక మేరకు ఇట్లాంటి ఏటిమొగల తోనే ముడిపడివుంది. ఇదంతా సాగాలంటే నీళ్లు మరీ ఉప్పగానూ వుండకూడదు, మరీ చప్పగానూ వుండకూడదు. ఆ పాళం కుదిర్చేది వరద. ఒండ్రు మోసుకొచ్చి తీరాన్ని నిలబెట్టేదీ వరదే. అందులోని పోషకాలు సముద్రంలో నాచుకు ఎరువు, నాచు చిన్నచేపకు మేత, చిన్నచేప పెద్దచేపకు మేత. వృద్ధుడు మడికి నీళ్లతో పోల్చింది అలంకారం కోసం కాదు.

ఈ వరద ఎంత తగ్గింది? 1977 నుంచి 2008 వరకు తీసిన ఉపగ్రహ చిత్రాలను పోల్చి 2009లో వచ్చిన ఒక అధ్యయనం, డెల్టాకు చేరే నీరు యాభయ్యేళ్ల కిందటితో పోలిస్తే మూడోవంతుకు పడిపోయిందన్నది. ఇరవైఅయిదేళ్ల కాలంలో సాలుకు సగటున 77.6 హెక్టార్ల చొప్పున తీరం కోతపడిందనీ, కొత్తగా మేట వేసినదానికి ఇది మూడింతలనీ లెక్కగట్టింది. 2001–2004 కరువు ఏళ్లలో బ్యారేజీ దిగువకు ప్రవాహం దాదాపు ఆగిపోయింది. ఒక్క చుక్క కూడా పోనివ్వరాదన్న నా బహుమతి వ్యాసం దాదాపుగా అమలైన ఏళ్లు అవి.

ఐతే నేరమంతా ఆనకట్టల మీద నెట్టటం సోమరితనం అవుతుంది. నీళ్లు రాకపోవటం సగం కథ. మిగతా సగం రొయ్యకు డాలరు ధర పలకటంతో మొదలైంది.

జపాన్, అమెరికా బజార్లలో మన రొయ్యకు గిరాకీ పెరిగాక, సముద్రపు అడుగును ఊడ్చుకుపోయే ట్రాలు వలలు తూర్పుతీరంలో వ్యాపించాయి. ట్రాలు వల రొయ్యను ఏరుకోదు, అడుగునున్నదంతా లాగుతుంది. రొయ్యను తీసుకుని మిగతాది చాలాకాలం సముద్రంలోనే పారబోశారు. తరవాత దానికీ ధర కట్టారు: మేత ఫ్యాక్టరీలకు పిండి. తీరం నుంచి 8 కిలోమీటర్ల లోపల యంత్రపు పడవలు వేటాడరాదని 1994లో రాష్ట్ర చట్టం వచ్చింది. గీత నీటిమీద గీసినదే కనుక దాన్ని దాటటం సులువు. ఏటా జనవరి నుంచి గుడ్లు పెట్టటానికి ఈ తీరానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఆ గీతకు సాక్షులు. తాబేలు ఊపిరికోసం పైకి రావాలి. గంటల తరబడి లాగే వలలో చిక్కితే మునిగి చస్తుంది. హంసలదీవి ఇసుకలో ఒక ఉదయం నేనే మూడు కళేబరాలు చూశాను. పక్కనే అటవీశాఖవారు గుడ్లు సేకరించి పొదిగించే కంచె వుంది. ఒకే ప్రభుత్వపు రెండు చేతులూ పక్కపక్కనే కనిపించే చోటు అది.

1980ల చివర, 1990ల మొదట్లో టైగర్‌రొయ్య చెరువులు వచ్చాయి. ఆ రోజుల్లో పిల్ల కోసం ఏటిమొగల్లో సన్నకన్ను వలలు వేసేవారు. ఆడవాళ్లు, పిల్లలు మొలలోతు నీళ్లలో రోజంతా తిరిగేవారు. పళ్లెంలో పోసి టైగర్ పిల్లను వేరుచేసి, మిగిలిన వాటిని గట్టుమీద పారబోసేవారు. ఆ మిగిలినవేమిటి? రేపటి పండుగప్పలు, కొయ్యింగలు, పీతలు. చెయ్యి చేసినవాళ్లను నేను తప్పుపట్టను. లెక్కపెట్టి ఇచ్చిన కూలి పిల్లకింత. విత్తనాన్ని పారబోయించి పంట అమ్ముకున్నవాడు గట్టుమీద జీపులో వున్నాడు.

1994–95లో తెల్లమచ్చ రోగం వచ్చి చెరువులు కూలాయి. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీరపు నియంత్రణ మండలంలోని రొయ్యల చెరువులను తీసెయ్యమన్నది. కోర్టు ముందుకొచ్చిన నివేదికలు ఎగుమతుల వల్ల వచ్చే ఆదాయం కంటే జరిగిన నష్టమే ఎక్కువని చెప్పాయి. 2005లో పార్లమెంటు కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసి ఆ పరిశ్రమకు వేరే దారి తెరిచింది. 2009 నుంచి పసిఫిక్ తీరానికి చెందిన వెన్నామి వచ్చింది. ఇప్పుడు పిల్ల హ్యాచరీలో పుడుతుంది, ఏటిమొగతో దానికి పనిలేదు. కానీ దాని మేతలోకి చేపపిండి కావాలి. కవళ్లు, నెత్తళ్లు పిండి అవుతున్నాయి.

ఇక్కడ నాకు గుడివాడ సంత గుర్తొస్తుంది. నా చిన్నతనంలో బందరు వైపునుంచి ఎండుచేపల గంపలతో ఆడవాళ్లు వచ్చేవారు. ఎండు నెత్తళ్లు, సావిడాయిలు. కొనేవాళ్లు నాట్లకూ కోతలకూ పోయే కూలీలు. మాంసం పండక్కే ఎరిగిన ఇళ్లలో వారానికి రెండుమూడుసార్లు కూర రుచి, ఒంటికి బలం ఆ ఎండుచేప. మా ఇంట్లో దాని వాసనకు ముక్కు మూసుకునేవారు. ఆ ముక్కు మూసుకోవటంలో వున్న కులాన్ని నేను చాలా ఆలస్యంగా గుర్తించాను. ఇవాళ ఆ చిన్నచేప సంతకు రాకముందే పిండిమరకు పోతోంది. పిండి తిన్న రొయ్య ఓడెక్కుతోంది. కూలివాడి కూరగిన్నెకూ విదేశీ బల్లకూ మధ్య ఇంత తిన్నని దారి వుందని ఏ అర్థశాస్త్ర పాఠంలోనూ నేను చదవలేదు. గంపల ఆడవాళ్ల వృత్తి ఎప్పుడు పోయిందో తేదీ కూడా ఎవరూ రాసుకోలేదు. యానాదులు మడ కాలవల్లో బొరియలోకి ఇనుప కొక్కెం పెట్టి మండపీతను లాగే నేర్పుకూ రేపు అదే గతి.

ప్రపంచంలో ఇది మనకొక్కరికే జరిగింది కాదు. గొప్ప సముద్రపు వేటలు తరగనివని 1883లో లండన్ ప్రదర్శనలో థామస్ హక్స్‌లీ అంతటి శాస్త్రవేత్త చెప్పాడు. 1992 జూలైలో కెనడా న్యూఫౌండ్‌లాండ్ తీరంలో కాడ్ చేపల వేట ఆపెయ్యవలసి వచ్చింది. దాదాపు 30,000 మంది ఒక్కసారిగా పని పోగొట్టుకున్నారు. అక్కడ వేట ఆపటానికి చేప అయిపోవటం దాకా ఆగారు. మనకు 2015 నుంచి ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 దాకా 61 రోజుల నిషేధం వుంది, భృతి వుంది. మంచిదే. చేప గుడ్లు పెట్టే రోజుల్లో వల ఆపి, అది పెరగవలసిన మడను మాత్రం గాలికి వదిలేస్తే ఆ గుడ్ల గతి ఏమిటని వృద్ధుడు అడిగాడు.

మడ అడవి మాటకొస్తే 1977 నవంబరు 19ని తప్పించుకుని దివిసీమ గురించి రాయలేం. ప్రభుత్వ లెక్కల్లోనే దాదాపు పదివేల మంది. సొర్లగొంది వంటి ఊళ్లలో ఇళ్లకు ఇళ్లే తుడిచిపెట్టుకుపోయాయి. ఆ అలకు ఏ అడవీ పూర్తిగా అడ్డు నిలిచేది కాదేమో. కానీ 1999 ఒడిశా తుపానుపై తరవాత జరిగిన పరిశోధన, మడ వెడల్పుగా వున్నచోట ఊళ్లలో చావులు తగ్గాయని చూపింది. దివిసీమలో 1989లో కృష్ణా అభయారణ్యం ప్రకటించారు, సుమారు 195 చదరపు కిలోమీటర్లు. బావురుపిల్లికి అది చివరి నెలవుల్లో ఒకటి. చేపను తిని బతికే పిల్లి అది. చేప లేని అభయారణ్యంలో దానికి అభయం కాగితం మీదే.

1977 మన సాహిత్యాన్ని కదిలించింది. నగ్నముని కొయ్యగుర్రం అందులోంచి వచ్చింది. ఉప్పెన మిషతో అది నిలదీసింది రాజ్యాన్ని, మనబోటి చూసేవాళ్లను. అందుకే నిలిచింది. కానీ ఆ కావ్యాన్ని పక్కనబెట్టి మన అభ్యుదయ, విప్లవ కవిత్వాల్లో సముద్రం ఏం చేస్తుందో చూడండి. ఘోషిస్తుంది. పోటెత్తుతుంది. జనానికి ఉపమానమవుతుంది. కొన్నివందల కవితల్లో ఈ సముద్రాన్ని చదివాను, నేనూ కొన్ని రాశాను. వాటిలో ఒక్క చేప లేదు. జనసముద్రం అన్నాం, సముద్రపు జనాన్ని చూడలేదు. మలయాళంలో తకళి 1956లోనే చెమ్మీన్ రాశాడు. దాని శీలవిలువల మీద మనకు అభ్యంతరాలు వుండవచ్చు, వుండాలి. కానీ ఆ నవలలో పడవ ఎవరిది, వల ఎవరిది, అప్పు ఎవరిచ్చారు అన్న ప్రశ్నలు కథను నడుపుతాయి. మనకు అట్లాంటి వస్తుజ్ఞానం పొలం విషయంలో వుంది, మగ్గం విషయంలో వుంది, బొగ్గుగని విషయంలో వుంది. తొమ్మిదివందల కిలోమీటర్లు దాటిన తీరం వున్న భాషకు సముద్రం విషయంలో లేకపోవటాన్ని నేను యాదృచ్ఛికం అనుకోను. ఆనకట్టను ఆధునిక దేవాలయమన్న నెహ్రూ మాటను రాజకీయంగా ఎంత వ్యతిరేకించినా, వృథా అన్న మాటను మాత్రం మనం ఆయనతోపాటే జపించాం.

రైతుకు నీళ్లు వద్దనా నా వాదం? కాదు. డెల్టా చివరి భూములకు సాగునీరు అందక, సముద్రపు ఉప్పు భూగర్భంలోకి చొచ్చుకొచ్చి చేతిపంపు నీళ్లు నోట్లో పెట్టుకోలేకపోతున్న కోడూరు, నాగాయలంక రైతుకూ, పాలకాయతిప్ప పడవకూ వైరం లేదు. ఇద్దరూ ఏటి చివరనే వున్నారు. పంపకంలో చివర వున్నవాడికి ముందు కోతపడుతుంది. వృథా అన్న ఒక్కమాట వాళ్లిద్దర్నీ ఒకరికొకరు శత్రువులుగా నిలబెట్టింది.

పోయినసారి వెళ్లినప్పుడు నోటుపుస్తకం పట్టుకుపోయాను. రసెల్ చేసిన పనినే ఆలస్యంగానైనా మొదలుపెడదామని. వృద్ధుడు గట్టుమీద వల బాగుచేసుకుంటూ చేపల పేర్లు చెప్పాడు, నేను రాసుకున్నాను. అరవైరెండు వచ్చాయి. ముక్కుకు రంపం వున్న చేప గురించి చేతులు చాచి చూపించాడు. రంపంచేపను 2001లో వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. ఆయన దాన్ని ఆఖరిసారి చూసింది అంతకు చాలా ముందట. రాసినదంతా చదివి వినిపించమన్నాడు. చదివాను. పక్కన సెల్‌ఫోను చూసుకుంటూ కూచున్న మనవణ్ణి పిలిచి, "ఒరే, ఇందులో నువ్వెరిగినయ్యెన్నో మాస్టారికి చెప్పు" అన్నాడు. కుర్రాడు మొహమాటపడుతూ వేళ్లు మడిచాడు. పంతొమ్మిది దగ్గర ఆగాడు. కాసేపాలోచించి, "వెన్నామిని కూడా లెక్కెయ్యొచ్చా తాతా?" అని అడిగాడు.